పాఠకుల ప్రశ్నలు, మా జవాబులు: అమెరికాలో అసమ్మతిపై చట్టాలు

క్రిందటి సంచికలో అమెరికా రాజ్యాంగపు మొదటి సవరణను పరిచయం చేస్తూ, వాక్స్వాతంత్ర్యాన్ని గాని, పత్రికా స్వాతంత్ర్యాన్ని గాని తగ్గించే చట్టమేదీ అక్కడి కాంగ్రెస్ (చట్టసభ) చేయరాదని అది శాసిస్తున్నట్టు రాశాము. గంజాం, గజపతి, రాయగడ జిల్లాల నుంచి వచ్చిన ఉత్తరాల్లో చాలావరకు ఒకే సందేహం కనిపించింది. అంత గట్టిగా రాసుకున్న దేశంలో మాట్లాడినందుకు మనుషులు జైళ్లకు ఎలా వెళ్లారు? వాటిలో ఐదింటికి ఈసారి జవాబులిస్తున్నాము.

ప్రశ్న (డిగ్రీ విద్యార్థిని, గుణుపురం): మొదటి సవరణ 1791లోనే అమల్లోకి వచ్చిందని మీరు రాశారు. 1798లో అమెరికా రాజద్రోహ చట్టం చేసిందని మా పాఠ్యపుస్తకంలో ఉంది. రాజ్యాంగం వద్దన్న పనిని ఏడేళ్లు తిరగకుండానే ఎలా చేశారు? ఎవరూ అడ్డుకోలేదా?

జవాబు: పాఠ్యపుస్తకంలో ఉన్నది నిజమే. 1798లో ఫ్రాన్సు నౌకలు అమెరికా వర్తక నౌకలను పట్టుకుంటున్నాయి. ప్రకటించకుండానే సముద్రం మీద యుద్ధం మొదలైంది. జాన్ ఆడమ్స్ అధ్యక్షుడు. ఆయన వైపున్న ఫెడరలిస్టులకు ఉభయ సభల్లోనూ బలముంది. ఆ వేసవిలో వారు వరుసగా నాలుగు చట్టాలు చేశారు. మొదటిది పౌరసత్వానికి కావలసిన నివాస కాలాన్ని 5 ఏళ్ల నుంచి 14 ఏళ్లకు పెంచింది. కొత్తగా వచ్చిన ఐరిష్ వలసదారులు ఎక్కువగా ప్రతిపక్షానికి ఓటు వేస్తారన్నది అందులోని లెక్క. తరువాతి రెండూ విదేశీయులను దేశం నుంచి పంపివేసే అధికారాన్ని అధ్యక్షుడికి ఇచ్చాయి. నాలుగోది జులై 14న ఆడమ్స్ సంతకం చేసిన రాజద్రోహ చట్టం. ప్రభుత్వాన్ని గాని, కాంగ్రెస్ సభలను గాని, అధ్యక్షుణ్ని గాని అప్రతిష్ఠపాలు చేసే ఉద్దేశంతో అబద్ధమైన, దురుద్దేశపూరితమైన రాతలు రాసినా, అచ్చువేసినా 2 ఏళ్ల వరకు జైలు, 2,000 డాలర్ల వరకు జరిమానా.

ఈ చట్టం రక్షించిన వారి జాబితాలో ఉపాధ్యక్షుడి పేరు లేదు. అప్పటి ఉపాధ్యక్షుడు థామస్ జెఫర్సన్, అంటే ప్రతిపక్షానికి నాయకుడు. ఆయనను ఎవరు ఎంత తిట్టినా నేరం కాదన్నమాట. పైగా చట్టం 1801 మార్చి 3తో దానంతట అదే ముగిసిపోతుందని అందులోనే రాసుకున్నారు. అది ఆడమ్స్ పదవీకాలపు చివరి రోజు. ఎన్నికల్లో ఓడిపోతే ఇదే కత్తి తమ మెడ మీదికి రాకుండా ముందుచూపుతో చేసిన ఏర్పాటని నాకనిపిస్తుంది.

రాజ్యాంగం వద్దన్నది కదా అని మీరడిగారు. ఫెడరలిస్టుల దగ్గర దానికి సమాధానం ఉంది. పత్రికా స్వాతంత్ర్యమంటే అచ్చువేయడానికి ముందు ప్రభుత్వ అనుమతి అక్కర లేకపోవడం మాత్రమేననీ, అచ్చువేసిన తరువాత శిక్షించడానికి అడ్డేమీ లేదనీ ఇంగ్లండు న్యాయకోవిదుడు బ్లాక్‌స్టోన్ చెప్పినదాన్నే వారు ప్రమాణంగా తీసుకున్నారు. మన గంజాం మద్రాసు రాజధానిలో ఉన్న కాలంలో, 1910 నాటి ప్రెస్ చట్టం కింద అచ్చాపీసు పెట్టేవారి నుంచి ముందుగానే ధరావతు గుంజేవారు. అటువంటి పని తాము చేయడం లేదని ఫెడరలిస్టుల వాదన. అంతేకాదు, రాసినది నిజమని రుజువు చేసుకుంటే నేరం కాదనీ, తీర్పు జ్యూరీదేననీ కూడా చట్టంలో చేర్చారు. ఇంగ్లండులో ఆనాడు నిజమే రాశానన్నా తప్పించుకునే దారి లేదు కనుక, కాగితం మీద చూస్తే ఈ చట్టం దానికంటే మెత్తనిదే.

కోర్టులో అది ఎలా నడిచిందో వెర్మాంట్ నుంచి కాంగ్రెస్‌కు ఎన్నికైన మాథ్యూ లయన్ విచారణ చూస్తే తెలుస్తుంది. అధ్యక్షుడు ఆడంబరాల కోసం, పొగడ్తల కోసం, స్వలాభం కోసం అర్రులు చాస్తున్నాడని లయన్ ఒక ఉత్తరంలో రాశాడు. ఉత్తరం మీది తేదీ జూన్ 20, అంటే చట్టం పుట్టకముందే రాసినది. పత్రికలో అచ్చయింది మాత్రం జులై చివర. నిజమని రుజువు చేసుకోవచ్చని చట్టం అంటున్నది గదా అని, తన వాదన తానే వినిపించుకున్న లయన్ విచారణ జరుపుతున్న న్యాయమూర్తి పాటర్సన్‌నే ప్రశ్నించాడు: తమరు అధ్యక్షుడితో కలిసి భోజనం చేశారు గదా, అక్కడి ఆడంబరం తమ కంట పడలేదా? తానెప్పుడో గాని అక్కడ భోంచేయలేదనీ, చూసినంతలో అక్కడున్నది నిరాడంబరతేననీ న్యాయమూర్తి బదులిచ్చాడు. అభిప్రాయాన్ని సాక్ష్యాలతో రుజువు చేయమంటే ఎవరు మాత్రం చేయగలరు? లయన్‌కు 4 నెలల జైలు, 1,000 డాలర్ల జరిమానా పడ్డాయి. జైల్లో ఉండగానే వెర్మాంట్ ఓటర్లు అతణ్ని మళ్లీ గెలిపించారు. ఆ జరిమానాను అతని వారసులకు కాంగ్రెస్ తిరిగి చెల్లించినది 1840లో.

పెద్దవారినే కాదు, తాగుబోతులనూ ఈ చట్టం వదలలేదు. న్యూజెర్సీలోని న్యూఆర్క్ మీదుగా ఆడమ్స్ వెళుతుంటే గౌరవసూచకంగా ఫిరంగులు పేల్చారు. మత్తులో ఉన్న లూథర్ బాల్డ్విన్ అనే వ్యక్తి, ఆ గుండు అధ్యక్షుడి వెనకభాగానికి తగిలినా తనకు పట్టదన్న అర్థం వచ్చే మాట అన్నాడు. అతని మీదా కేసు నడిచింది, జరిమానా పడింది.

ఎవరూ అడ్డుకోలేదా అన్నదానికి: న్యాయస్థానం అడ్డుకోలేదు, ఎందుకంటే సుప్రీంకోర్టు న్యాయమూర్తులే ఊరూరా తిరిగి ఈ విచారణలు జరిపేవారు. కెంటకీ శాసనసభ కోసం జెఫర్సన్, వర్జీనియా శాసనసభ కోసం జేమ్స్ మాడిసన్ నిరసన తీర్మానాలు రాసిచ్చారు. అసలు దెబ్బ 1800 ఎన్నికల్లో తగిలింది. జెఫర్సన్ గెలిచి, శిక్షపడిన వారికి క్షమాభిక్ష ఇచ్చాడు. అయితే ఆయన కూడా కడిగిన ముత్యమేమీ కాదు. ఆయన అభ్యంతరం కేంద్ర ప్రభుత్వం శిక్షించడం మీదనే ఎక్కువ; రాష్ట్రాలు కొందరు పత్రికలవారి మీద కేసులు పెడితే మంచిదేనని తరువాత ఆయనే ఒక ఉత్తరంలో రాశాడు. జెఫర్సన్‌ను దూషించినందుకు న్యూయార్క్ రాష్ట్రంలో హ్యారీ క్రాస్వెల్ అనే సంపాదకుడు విచారణను ఎదుర్కొన్నాడు. ఏరు దాటాక తెప్ప తగలేయడం ఏ దేశపు రాజకీయానికీ కొత్త కాదు.

ప్రశ్న (విశ్రాంత ఉపాధ్యాయుడు, పర్లాకిమిడి): నిండు థియేటర్లో "మంటలు, మంటలు" అని అబద్ధపు కేక పెట్టే హక్కు ఎవరికీ లేదన్న అమెరికా న్యాయమూర్తి మాటను పౌరశాస్త్రం పాఠంలో పిల్లలకు చెప్పేవాణ్ని. అది ఏ సందర్భంలో వచ్చిన మాట?

జవాబు: మాస్టారూ, ఆ ఉపమానం ప్రపంచమంతా వాడుకలో ఉంది గాని, అది పుట్టిన కేసు సంగతి తెలిస్తే దాన్ని అంత ధీమాగా వాడబుద్ధి కాదు. అది 1919 మార్చి 3న అమెరికా సుప్రీంకోర్టు ఏకగ్రీవంగా ఇచ్చిన షెంక్ కేసు తీర్పులోది. రాసినవాడు జస్టిస్ ఆలివర్ వెండెల్ హోమ్స్.

అమెరికా 1917 ఏప్రిల్‌లో మొదటి ప్రపంచ యుద్ధంలోకి దిగింది. జూన్ 15న గూఢచర్య చట్టం వచ్చింది. పేరు గూఢచారుల మీదిదే అయినా, సైన్యంలో అవిధేయతను కలిగించడానికి ప్రయత్నించినా, సైనిక నియామకాలకు అడ్డు తగిలినా 20 ఏళ్ల వరకు జైలు అన్న అంశం కూడా అందులో ఉంది. ఫిలడెల్ఫియాలో సోషలిస్టు పార్టీ కార్యదర్శి చార్లెస్ షెంక్, నిర్బంధంగా సైన్యంలో చేర్చుకోవడం బానిసత్వంతో సమానమని చెబుతూ, బానిసత్వాన్ని రద్దుచేసిన 13వ సవరణను ఉటంకిస్తూ, ఆ చట్టం రద్దు కోసం అర్జీలు పెట్టండని కోరుతూ కరపత్రాలు వేయించి, సైన్యం పిలుపు అందుకున్న యువకులకు తపాలాలో పంపాడు. సుమారు 15,000 కరపత్రాలు అచ్చయ్యాయి. తుపాకి పట్టమన్న మాట గాని, పారిపొమ్మన్న మాట గాని అందులో లేవు. శాంతికాలంలో చెల్లే మాటలు యుద్ధకాలంలో చెల్లవని హోమ్స్ శిక్షను సమర్థించాడు. థియేటర్ ఉపమానం ఆ సందర్భంలో వాడినదే. "స్పష్టమైన, తక్షణ ప్రమాదం" ఉందా అన్న కొలబద్దను కూడా అదే తీర్పులో పెట్టాడు.

థియేటర్లో కేక పెట్టినవాడు ఒక సంగతిని గురించి అబద్ధమాడుతున్నాడు. వినేవారికి ఆలోచించుకునే వ్యవధి ఉండదు. షెంక్ తన అభిప్రాయం చెప్పాడు. ఉత్తరం అందుకున్నవాడు దాన్ని చదివి చింపి పారేయవచ్చు. ఈ రెంటినీ ఒక గాటన కట్టడం నా దృష్టిలో న్యాయం కాదు. మీరు పాఠంలో ఆ ఉపమానం చెప్పదలచుకుంటే, దాని పక్కనే ఆ కరపత్రం సంగతి కూడా చెప్పండి. తేడా పిల్లలే పట్టుకుంటారు.

వారం తిరిగేసరికి మరో తీర్పు వచ్చింది. సోషలిస్టు నాయకుడు యూజిన్ డెబ్స్ 1918 జూన్ 16న ఒహాయో రాష్ట్రంలోని కాంటన్‌లో ఉపన్యసించాడు. అంతకు నెల రోజుల ముందే, మే 16న, ప్రభుత్వ విధానాన్ని, రాజ్యాంగాన్ని, జెండాను, చివరికి సైనికుల దుస్తులను నిందించే మాటలను కూడా నేరం చేస్తూ గూఢచర్య చట్టాన్ని బిగించారు. దాన్నే 1918 రాజద్రోహ చట్టమంటారు. తాను మాట్లాడేటప్పుడు ఒళ్లు దగ్గర పెట్టుకోవలసి వస్తోందని డెబ్స్ సభలోనే చెప్పాడు, అయినా 10 ఏళ్ల శిక్ష తప్పలేదు. దానిని సమర్థించిన తీర్పునూ హోమ్సే రాశాడు. అట్లాంటా జైల్లో 9653 నంబరు ఖైదీగా ఉంటూనే డెబ్స్ 1920లో అధ్యక్ష పదవికి పోటీ చేశాడు. 9 లక్షలకు పైగా ఓట్లు వచ్చాయి. అధ్యక్షుడు విల్సన్ అతణ్ని వదలడానికి ససేమిరా అన్నాడు. తరువాత వచ్చిన హార్డింగ్ శిక్ష తగ్గించి 1921 క్రిస్మస్ నాడు విడుదల చేశాడు. ఈ రెండు చట్టాల కింద 2,000 మందికి పైగా కేసులను ఎదుర్కొన్నారు.

హోమ్స్ మనసు అదే ఏడాది మారింది. న్యూయార్కులో రష్యన్ యూదు వలసదారులు కొందరు, రష్యాకు అమెరికా సైన్యాన్ని పంపడాన్ని నిరసిస్తూ మేడ కిటికీలోంచి కరపత్రాలు విసిరారు. వారికి 20 ఏళ్ల దాకా శిక్షలు పడ్డాయి. 1919 నవంబరులో ఏబ్రమ్స్ కేసుగా అది సుప్రీంకోర్టుకు వచ్చినప్పుడు మెజారిటీ శిక్షలను ఖాయం చేసింది. హోమ్స్, బ్రాండైస్ మాత్రం విభేదించారు. భావాల సంతలో పోటీపడి నిలిచినదే సత్యానికి మంచి పరీక్ష అని హోమ్స్ రాసిన అసమ్మతి తీర్పు ఇప్పుడు న్యాయ కళాశాలల్లో మెజారిటీ తీర్పు కంటే ఎక్కువగా చదువుతారు. 1918 చట్టాన్ని 1920 డిసెంబరులో రద్దు చేశారు. 1917 చట్టం మాత్రం నేటికీ ఉంది.

ప్రశ్న (పట్టు వస్త్రాల వ్యాపారి, బరంపురం): ఆ రోజుల్లో అమెరికాలో ఉన్న మనవారు కూడా ఈ చట్టాల బారిన పడ్డారా?

జవాబు: పడ్డారు. భారత స్వాతంత్ర్యం కోసం శాన్‌ఫ్రాన్సిస్కో కేంద్రంగా 1913 నుంచి నడిచిన గదర్ ఉద్యమం మీద బ్రిటిష్ ప్రభుత్వం ఏళ్ల తరబడి నిఘా వేసి, అమెరికా మీద ఒత్తిడి తెచ్చింది. అమెరికా కూడా బ్రిటన్ పక్షాన యుద్ధంలోకి దిగాక పని సులువైంది. 1917 నవంబరు నుంచి 1918 ఏప్రిల్ వరకు శాన్‌ఫ్రాన్సిస్కోలో నడిచిన విచారణలో భారతీయులను, జర్మన్లను కలిపి బోనెక్కించారు. మోపిన నేరం రాజద్రోహం కాదు, అమెరికా తటస్థతను ఉల్లంఘించే కుట్ర. తారక్‌నాథ్ దాస్‌కు 22 నెలల జైలు పడింది. విచారణ చివరి రోజున గదర్ నాయకుడు రామచంద్రను సహ నిందితుడే నిండు కోర్టులో కాల్చి చంపాడు. అదే 1918లో, భారత స్వాతంత్ర్యం కోసం పనిచేస్తున్న శైలేంద్రనాథ్ ఘోష్‌ను, వారికి తోడ్పడిన అమెరికన్ రచయిత్రి ఆగ్నెస్ స్మెడ్లీని గూఢచర్య చట్టం కింద అరెస్టు చేశారు. కాలిఫోర్నియాలో చదువుకుంటూ గదర్‌లో చేరిన తెలుగువారు దరిశి చెంచయ్యగారు అమెరికా కోర్టుకు కాక బ్రిటిష్ వారి చేతికి చిక్కి జైలు అనుభవించారు.

ప్రశ్న (ఒక తండ్రి, రాయగడ): మా అబ్బాయి టెక్సాస్‌లో ఉద్యోగం చేస్తున్నాడు. అక్కడ జాతీయ జెండా తగలబెట్టినా శిక్ష ఉండదంటాడు. నమ్మవచ్చునా? అదే దేశంలో కమ్యూనిస్టులను జైళ్లలో పెట్టారని కూడా చదివాను.

జవాబు: రెండూ నిజమే, మధ్యలో కాలం గడిచింది. 1940లో వచ్చిన స్మిత్ చట్టం ప్రభుత్వాన్ని బలప్రయోగంతో కూలదోయాలని బోధించడాన్నే నేరంగా చేసింది. దాని కింద 11 మంది కమ్యూనిస్టు నాయకులకు 1949లో శిక్ష పడగా, 1951లో డెన్నిస్ కేసులో సుప్రీంకోర్టు దాన్ని 6–2తో సమర్థించింది. వారు బాంబులు చేసినట్టు అభియోగం కూడా లేదు. పుస్తకాలు చదివించి సిద్ధాంతం నేర్పడమే నేరమైంది. 1957లో యేట్స్ కేసులో కోర్టు కొంత వెనక్కి తగ్గి, సిద్ధాంతం బోధించడం వేరు, పనికి పురికొల్పడం వేరు అన్నది. దాంతో ఆ చట్టం కింద కేసులు పలచబడ్డాయి.

అసలు మలుపు 1969లో తిరిగింది. అది తిరిగినది ఏ సోషలిస్టు కోసమో, శాంతికాముకుడి కోసమో కాదు, నల్లజాతివారిని, యూదులను ద్వేషించే కూ క్లక్స్ క్లాన్ నాయకుడు బ్రాండెన్‌బర్గ్ కోసం. అతను ఒహాయోలోని ఒక పొలంలో ముసుగుల సభ పెట్టి, టీవీ విలేకరిని పిలిచి మరీ, ప్రతీకారం తీర్చుకోవలసి రావచ్చునని ప్రసంగించాడు. 1919 నాటి రాష్ట్ర చట్టం కింద శిక్షపడింది. సుప్రీంకోర్టు దాన్ని కొట్టివేసింది. తక్షణమే చట్టవిరుద్ధ చర్య జరిగేలా పురికొల్పే ఉద్దేశం ఉండాలి, అలా జరిగే అవకాశమూ ఉండాలి. ఈ రెండూ లేని మాటను శిక్షించరాదని చెప్పింది. ఈ కొలబద్దతో చూస్తే షెంక్, డెబ్స్ ఒక్క రోజు కూడా జైల్లో ఉండనక్కరలేదు. నిరపరాధి డెబ్స్‌కు దొరకని రక్షణ ఒక విద్వేషవాదికి దొరకడం చదువరికి చేదుగా ఉంటుంది గాని, ఈ తీర్పు తరువాతివారందరికీ అండగా నిలిచింది.

జెండా సంగతి మీ అబ్బాయి ఉన్న రాష్ట్రంలోదే. 1984లో డాలస్‌లో రిపబ్లికన్ పార్టీ మహాసభ జరుగుతుండగా గ్రెగరీ లీ జాన్సన్ జెండాను తగలబెట్టాడు. టెక్సాస్ కోర్టు శిక్ష వేసింది. 1989లో సుప్రీంకోర్టు 5–4తో అది రాజకీయ భావప్రకటనేనని తేల్చింది. కాంగ్రెస్ వెంటనే కొత్త జెండా చట్టం తెచ్చింది. 1990లో దాన్నీ కోర్టు కొట్టివేసింది. అయితే ఎవరిదో జెండా దొంగిలించి తగలబెడితే దొంగతనం దొంగతనమే.

మీ అబ్బాయి వీసా మీద ఉన్నట్లయితే ఇంకొకటి గమనించాలి. మాట అన్నందుకు జైలుకు పంపడం విషయంలో అమెరికా రాజ్యాంగం విదేశీయుణ్ని కూడా కాపాడుతుంది గాని, దేశంలోకి రానీయడం, ఉండనీయడం విషయంలో కోర్టులు ప్రభుత్వానికే ఎక్కువ చోటిచ్చాయి. ఒకప్పుడు కమ్యూనిస్టు పార్టీలో ఉన్నారన్న కారణంతో, చిరకాలంగా అక్కడే నివసిస్తున్నవారిని వెళ్లగొట్టడాన్ని 1952లో, బెల్జియం ఆర్థికవేత్త ఎర్నెస్ట్ మాండెల్‌కు వీసా నిరాకరించడాన్ని 1972లో సుప్రీంకోర్టు సమర్థించింది. ఇందాక చెప్పిన 1798 చట్టాల్లో, విదేశీయులను పంపివేసే రెండింటిలో ఒకటైన శత్రుదేశీయుల చట్టం ఇప్పటికీ బతికే ఉంది. 2025లో వెనిజులా వారి మీద దాన్ని ప్రయోగించారు.

ప్రశ్న (యువ న్యాయవాది, ఛత్రపురం): ఈ అమెరికా తీర్పులు మన కోర్టుల్లో పనికివస్తాయా?

జవాబు: వస్తాయి, కాని అవి మన కోర్టులను కట్టివేయవు. మన రాజ్యాంగం 19(1)(ఎ) అధికరణంలో ఇచ్చిన వాక్స్వాతంత్ర్యానికి 19(2)లో హద్దులు కూడా గీసింది. అమెరికా వారికి ఆ రెండో భాగం లేదు. అయినా బంధుత్వం పాతది. మద్రాసు ప్రభుత్వం ఒక వారపత్రికను రాష్ట్రంలోకి రాకుండా నిషేధించిన కేసులో 1950లో జస్టిస్ పతంజలి శాస్త్రి, పనికిరాని కొమ్మలు కొన్ని ఉన్నా వాటిని నరకబోయి ఫలమిచ్చే కొమ్మలకు హాని చేయడం కంటే వదిలేయడమే మేలన్న మాడిసన్ మాటను ఉటంకించారు. మాడిసన్ ఆ మాట రాసినది పైన చెప్పిన 1798 చట్టాన్ని ఖండిస్తూనే. నిషేధం ఎగిరిపోయింది. ఆ మరుసటి ఏడాదే పార్లమెంటు మన రాజ్యాంగానికి మొదటి సవరణ చేసి 19(2)లో "ప్రజాశాంతి"ని చేర్చింది. వారి మొదటి సవరణ నోటికి అడ్డు తీసేస్తే, మనది అడ్డు పెంచింది.

1986లో, జాతీయగీతం పాడకుండా లేచి నిలబడినంత మాత్రాన కేరళ బడిలోంచి వెళ్లగొట్టిన ముగ్గురు పిల్లల కేసులో జస్టిస్ ఓ. చిన్నప్పరెడ్డిగారు అమెరికా జెండా వందనం కేసులను చర్చించి పిల్లల పక్షాన తీర్పు రాశారు. అధికారులు వేసే పరువునష్టం దావాల విషయంలో 1964 నాటి న్యూయార్క్ టైమ్స్, సలివన్ కేసును మన సుప్రీంకోర్టు 1994లో రాజగోపాల్ కేసులో ఆధారం చేసుకుంది.

రాజద్రోహం విషయంలో మీకు మొదటి ఆధారం 1962 కేదార్‌నాథ్ సింగ్ తీర్పే: హింసకు గాని, అశాంతికి గాని పురికొల్పే ధోరణి ఉంటేనే నేరమన్నది అది. ఇందులోని "ధోరణి" అన్న కొలత బ్రాండెన్‌బర్గ్ కొలత కంటే వదులైనది. రాజద్రోహాన్ని శిక్షించే, 1870 నుంచి ఉన్న 124ఎ సెక్షన్‌ను 2022 మే 11న సుప్రీంకోర్టు నిలిపివేసింది. 2024 జులై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ న్యాయ సంహితలో ఆ పేరు లేదు గాని, 152వ సెక్షన్ ఉంది. దేశ సార్వభౌమత్వానికి, ఐక్యతకు ముప్పు తెచ్చే మాటలకు యావజ్జీవం లేదా 7 ఏళ్ల వరకు శిక్ష. అటువంటి కేసు మీ చేతికి వస్తే ముందు కేదార్‌నాథ్‌ను, ప్రమాదం మందుగుండు పీపాలో నిప్పురవ్వ అంత దగ్గరగా ఉండాలన్న 1989 రంగరాజన్ తీర్పును, వాదించడం వేరు, పురికొల్పడం వేరన్న 2015 శ్రేయా సింఘాల్ తీర్పును పెట్టండి. బ్రాండెన్‌బర్గ్‌ను ఆ తరువాత, మన తీర్పులకు తోడుగా మాత్రమే చూపండి.